చీమల లోకమునకు క్రొత్త పనిముట్టు: నెట్‌లోగో అనుబంధ నిర్మాణము

చీమలబారును కొంతసేపు నిదానముగా చూచినచో ఒక సంగతి గోచరించును. ఆ బారునకు నాయకుడు లేడు. ముందు నడచు చీమ వెనుక వచ్చు చీమలకు ఆజ్ఞ లిచ్చుట లేదు. దారి పటము ఏ చీమయొద్దను లేదు. అయినను బెల్లపుముక్క మొదలు పుట్టవరకు గీత గీచినట్లు బారు ఏర్పడును. ముక్క తీరిపోగానే చెదరిపోవును. ఆహారము దొరకిన చీమ తిరిగి వచ్చుచు నేలపై ఒక రసాయనపదార్థమును విడుచును. ఆ వాసన తగిలిన మరియొక చీమ అటు మరలును. అదియు ఆహారముతో తిరిగి వచ్చుచు వాసనను మరింత బలపరచును. ఆహారము తీరిన పిదప వాసనను నిలుపు చీమలు ఉండవు గనుక అది ఆవిరియై పోవును. ఒక్కొక్క చీమకు తెలిసినది ఇంతే. బారు అనునది ఏ చీమ తలలోను లేని వస్తువు.

ఇట్టి విషయములను సమీకరణములతో వర్ణించుట కలదు. కాని సమీకరణము సాధారణముగా సగటు చీమను గూర్చి మాటలాడును. ఈ చీమ ఇచ్చట నున్నది, ఆ చీమ అచ్చట నున్నది, రెండింటికిని తగిలిన వాసన వేరు అను భేదము సగటులో కరగిపోవును. ఆ భేదమే ముఖ్యమైనచోట మరియొక మార్గమును అవలంబింపవలెను. కంప్యూటరులో ఒక చిన్న లోకమును కల్పించి, వేయి చీమలను అందులో వదలి, ఒక్కొక్కదానికి ఒకటి రెండు నియమములు నేర్పి, ఏమి జరుగునో చూడవలెను. ఇట్లు స్వయముగా వర్తించు ఒక్కొక్క పాత్రకు ఏజెంటు అని పేరు. అట్టి పాత్రలతో కూర్చిన నమూనాను ఏజెంటు నమూనా అందురు.

ఈ ఊహకు కంప్యూటరు కూడ అక్కరలేదని చూపినవారు అమెరికా ఆర్థికశాస్త్రవేత్త థామస్ షెల్లింగ్. 1971లో ఆయన ప్రకటించిన వ్యాసమునకు ఆధారము గళ్ళబల్లమీద రెండు రకముల నాణెములను పేర్చి ఆడిన ఆటవంటిది. తన చుట్టునున్నవారిలో కొంతభాగమైనను తనవంటివారు ఉండవలెనని ప్రతి నాణెము కోరును. లేనిచో ఖాళీగడికి తరలిపోవును. కోరిక స్వల్పమే. ఫలితము మాత్రము స్వల్పము కాదు: కొన్ని తరలింపులు జరుగునప్పటికి రెండు రకములును వేర్వేరు పేటలుగా విడిపోవును. ఎవరును కోరని వేర్పాటు అందరి చిన్న కోరికలనుండి పుట్టినది. షెల్లింగ్‌నకు 2005లో నోబెల్ బహుమానము లభించినది. అది ఈ నాణెములకే కాకపోయినను, ఈ నాణెములను నేటికిని శాస్త్రజ్ఞులు మరువలేదు.

నాణెములు పదులలో ఉన్నంతవరకు చేతితో జరుపవచ్చును. వేలు, లక్షలైనప్పుడు కంప్యూటరు కావలెను. ఇందుకై రూపొందిన సాధనములలో మిక్కిలి ప్రచారము పొందినది నెట్‌లోగో. దీనిని 1999లో యూరీ విలెన్‌స్కీ రచించెను. తరువాత అది చికాగో నగరమునకు సమీపమున ఎవాన్‌స్టన్‌లో గల నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున ఆయన నెలకొల్పిన కేంద్రములో పెంపొందినది. పేరులోని 'లోగో' పిల్లలకై 1967లో పుట్టిన కంప్యూటరు భాష. దానిలో తెరపై తిరుగు తాబేలుకు 'ముందుకు పో', 'కుడికి తిరుగు' అని చెప్పుచు పిల్లలు బొమ్మలు గీచెడివారు. నెట్‌లోగోలో తాబేలు ఒక్కటి కాదు, వేలకొలది. అవి నడచు నేల 'పాచ్' అను గడులుగా విభజింపబడియుండును. ఆ గడులును పాత్రలే. వాసనను నిలుపుకొనుట, ఆవిరి చేయుట వాని పని. మనము మొదట చెప్పుకొన్న చీమలబారు నెట్‌లోగోతో వచ్చు నమూనాలలో ఒకటి. ఈ సాధనము ఉచితము. దాని మూలరచన ఎల్లరు చదువుటకు వీలుగా బహిరంగముగా నున్నది.

అనుబంధ మెందులకు?

నెట్‌లోగో భాష చిన్నది. చిన్నదగుటయే దాని గుణము. వారము దినములలో విద్యార్థి దానిని పట్టుకొనగలడు. కాని చిన్నయింటిలో అన్ని వస్తువులు ఉండవు. ఒకరికి నిజమైన భూపటములు కావలెను. ఒకరికి బల్లపైనున్న ఉష్ణమాపకముతో కంప్యూటరును కలుపవలెను. మరియొకరికి పైథాన్ భాషలో వ్రాసిన గణితము కావలెను. ఈ కోరికలన్నిటిని భాషలోనే చేర్చినచో అది చిన్నభాషగా మిగులదు. అందుచే నెట్‌లోగోవారు భాషను తాకకుండ, అవసరమైనప్పుడు బయటనుండి తగిలించుకొను భాగములకు దారి యుంచిరి. సాధారణముగా ప్లగిన్ అనబడు ఈ భాగమును నెట్‌లోగోలో ఎక్స్‌టెన్షన్ అందురు. దీనిని అనుబంధము అనవచ్చును. భూపటములకు జిఐఎస్, పట్టికల ఫైళ్ళకు సిఎస్‌వి, పరికరములకు ఆర్డుయినో, పైథాన్‌నకు పివై అను అనుబంధములు ఇదివరకే కలవు.

వీనిని ఎక్కువగా జావాలోనో, దానికి చుట్టమగు స్కాలా అను భాషలోనో వ్రాయుదురు. కారణము సులభము. నెట్‌లోగోయే ఆ రెండు భాషలలో వ్రాయబడి, జావా యంత్రముపై నడుచుచున్నది. అతిథి కూడ అదే భాష మాటలాడినచో దుబాసీ అక్కరలేదు.

నిర్మాణక్రమము తెలియుటకు ఒక చిన్న ఉదాహరణమును తీసికొందము. చీమ ఎదుట మూడు దారులున్నవి. వాని వాసనల బలము 1, 2, 7 అనుకొందము. ఎల్లప్పుడును బలమైన దారినే పట్టు చీమ క్రొత్త ఆహారమును ఎన్నడును కనుగొనలేదు. ఏదో ఒకటి గుడ్డిగా పట్టు చీమకు వాసనతో ప్రయోజనము లేదు. కావున పదిమార్లలో సుమారు ఒకమారు మొదటిదారి, రెండుమార్లు రెండవది, ఏడుమార్లు మూడవది ఎన్నుకొనవలెను. ఇట్లు తూనికనుబట్టి ఎన్నుకొను పనికై 'చాయిస్' అను అనుబంధమును, అందులో 'పిక్' అను ఒక్క మాటను నిర్మించవలె ననుకొందము. ఇదే పని చేయు 'ఆర్‌ఎన్‌డి' అను అనుబంధము నెట్‌లోగోతోనే వచ్చుచున్నది; నిజమైన పరిశోధనలో దానిని వాడుటయే తెలివి. నేర్చుకొనుటకు మాత్రము ఈ పని చక్కగా సరిపోవును. ఏలయన అనుబంధనిర్మాణములోని చిక్కులన్నియు ఇందులో ఒక్కచోట చేరియున్నవి.

రెండు క్లాసులు

జావాలో వ్రాసిన రచన క్లాసులు అను భాగములుగా నుండును. మన అనుబంధమునకు రెండు చాలును.

మొదటిది నిర్వాహకుడు. నెట్‌లోగో ఇచ్చు 'డిఫాల్ట్ క్లాస్ మేనేజర్' అను మాతృకనుండి దీనిని కల్పింతురు. దీనిలో 'లోడ్' అను ఒక్క కార్యము వ్రాసిన చాలును: పిక్ అను మాట వినబడినచో ఈ వస్తువును పిలువుము అని నెట్‌లోగోకు చెప్పుటయే దాని పని. క్రొత్త మాటలు పది యున్నచో పది పంక్తులు వ్రాయవలెను.

రెండవది అసలు పనివాడు. నెట్‌లోగో మాటలు రెండు జాతులు. 'ముందుకు పో' వంటివి పని చేయును గాని విలువ నీయవు. వీనికి కమాండులని పేరు. విలువ నిచ్చునవి రిపోర్టరులు. మన పిక్ రిపోర్టరు. రిపోర్టరు రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. నీవు ఏమి పుచ్చుకొని ఏమి ఇత్తువు అనునది మొదటిది. ఒక పట్టికను పుచ్చుకొని ఒక సంఖ్యను ఇత్తునని పిక్ సమాధానము. దీనినే సింటాక్స్ అందురు. వినియోగదారుడు పట్టిక యీయవలసినచోట మాటను ఇచ్చినచో నెట్‌లోగో తిరస్కరించుట దీనివలననే. ఇక పని ఎట్లు చేయుదువు అనునది రెండవ ప్రశ్న; దీనికి సమాధానము 'రిపోర్ట్' అను కార్యములో నుండును.

ఆ కార్యమును చేతిలెక్కతో చూపవచ్చును. తూనికలు 1, 2, 7, మొత్తము 10. సున్నకును ఒకటికిని నడుమ ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీయవలెను, 0.25 వచ్చినదనుకొందము. దానిని 10తో హెచ్చింపగా 2.5. అందుండి మొదటి తూనిక 1 తీసివేయగా 1.5 మిగిలెను. రెండవ తూనిక 2 ఈ శేషముకంటె పెద్దది. కావున రెండవ దారియే ఎన్నిక. నెట్‌లోగోలో లెక్క సున్నతో మొదలగును గనుక సమాధానము 1. ఖాళీపట్టిక వచ్చినను, ఋణసంఖ్య వచ్చినను, తూనికలన్నియు సున్న లైనను లెక్క సాగదు. అప్పుడు 'ఎక్స్‌టెన్షన్ ఎక్సెప్షన్' అను ఫిర్యాదును వెలువరింపవలెను. కొందరు ఈ ఫిర్యాదులను వ్రాయుటకు బద్ధకించి సున్న నిచ్చి ఊరకుందురు. అది మోసమునకు దగ్గరిపని. తప్పుడు తూనికతో చీమలన్నియు మొదటిదారినే పట్టును, చూచువారు దానిని ప్రకృతిధర్మ మనుకొందురు.

కంపైల్ చేయుట

మనుష్యుడు వ్రాసిన జావారచనను యంత్రము నేరుగా గ్రహింపదు. 'జావాక్' అను కంపైలరు దానిని బైట్‌కోడ్ అను సంకేతలిపిలోనికి మార్చును. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావాను లోకమునకు చూపినప్పుడు దాని విశేషముగా చెప్పుకొన్నది ఇదియే: బైట్‌కోడ్ ఏ ఒక్క కంప్యూటరు కొరకును వ్రాసినది కాదు. దానిని నడుపు జావా యంత్రమొకటి ఉన్నచో విండోస్‌లోనైనను, మాక్‌లోనైనను, లినక్స్‌లోనైనను అదే ఫైలు నడుచును. కావుననే మన అనుబంధమును ఒక్కమారు కంపైల్ చేసిన చాలును. నెట్‌లోగో నమూనాలోని రచన సహితము నడచుటకు ముందు చాలవరకు బైట్‌కోడ్‌గానే మారుచుండును. తాబేలును నడుపు మాటయు, మన పిక్ అను మాటయు చివరకు ఒకే యంత్రముపై ప్రక్కప్రక్కన నడుచును.

క్రొత్తవారికి మొదటి యెదురుదెబ్బ ఇచ్చటనే తగులును. రచన నిర్దోషముగా నున్నను కంపైలరు 'ఆర్గ్.ఎన్‌లోగో.ఏపిఐ అను ప్యాకేజీ లేదు' అని చెప్పి, దాని వెనుక పదులకొలది ఫిర్యాదులను కుమ్మరించును. అన్నిటికిని మూలమొక్కటే. క్లాస్ మేనేజర్, రిపోర్టరు, సింటాక్స్ అను పేర్లు జావావి కావు, నెట్‌లోగోవి; అవి నెట్‌లోగో జార్ ఫైలులో నున్నవి. ఆ ఫైలు ఎచ్చట నున్నదో కంపైలరునకు తనంతట తెలియదు. 'క్లాస్‌పాత్' అను సూచనతో దాని చోటు చెప్పినచో ఫిర్యాదులన్నియు ఒక్కసారిగా మాయమగును. గమనింపవలసిన దేమనగా, ఆ జార్ ఫైలును మన అనుబంధములో కలిపివేయరాదు. అది కొలతకు మాత్రమే. చొక్కా కుట్టుటకు కొలత యిచ్చిన మనిషిని చొక్కాతోపాటు కట్ట కట్టి పంపరు గదా!

రెండవ దెబ్బ సూక్ష్మమైనది. కంపైల్ చేసిన ప్రతి క్లాసు ఫైలు 202, 254, 186, 190 అను నాలుగు బైట్లతో మొదలగును. ఇది జావా ముద్ర. తరువాత ఆ ఫైలు ఏ కాలపు జావాకు చెందినదో తెలుపు సంఖ్య వచ్చును. జావా 8కు 52, 17కు 61, 21కి 65. జావా సంఖ్యకు 44 కలిపిన చాలును. పాత సంఖ్యగల ఫైలును క్రొత్తయంత్రము నడుపును. క్రొత్త సంఖ్యగల ఫైలును పాతయంత్రము గడప దాటనీయదు. నెట్‌లోగో సాధారణముగా తనతో తెచ్చుకొన్న జావా యంత్రముపై నడుచును గాని, కంప్యూటరులో విడిగానున్న జావాపై కాదు. నిర్మాత తన కంప్యూటరులో జావా 21తో కంపైల్ చేసి, నెట్‌లోగోలోనున్నది జావా 17 అయినచో 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వర్షన్' అను పొరపాటు వెలువడును. విరుగుడు సులభము: కంపైలరునకు 'రిలీజ్ 17' అని సూచించినచో అది పాతలిపిలోనే వ్రాసియిచ్చును. కంపైల్ చేయుటకు ముందు నెట్‌లోగోలోని జావా ఏదో తెలిసికొనుట మేలు.

జార్, మానిఫెస్టు

కంపైలైన క్లాసు ఫైళ్ళను ఒక మూటగా కట్టవలెను. ఆ మూట పేరే జార్. లోపల చూచిన అది మామూలు జిప్ కట్టయే. దానిలో విశేషము మానిఫెస్టు అను చిన్న కాగితము. రైలులో వేసిన సరుకునకు బిల్టీ ఎట్టిదో, జార్‌నకు మానిఫెస్టు అట్టిది. మన బిల్టీలో నాలుగు పంక్తులుండవలెను: మానిఫెస్టు సంచికసంఖ్య; అనుబంధము పేరు చాయిస్; నిర్వాహకుడగు క్లాసు పూర్తిపేరు; నెట్‌లోగో అనుబంధ ఒడంబడిక సంచికసంఖ్య. నాలుగవది నెట్‌లోగో స్వీయసంఖ్యతో సరిపోలనిచో హెచ్చరిక వచ్చును. ఆ సంఖ్య ఎంతో నెట్‌లోగో 'హెల్ప్' పట్టికలోని 'అబౌట్' అనుచోట కనబడును.

ఇందులో ఒక వింత కలదు. మానిఫెస్టు చివరి పంక్తి తరువాత గూడ పంక్తి మార్చుమీట నొక్కవలెను. నొక్కనిచో జావా ఆ చివరిపంక్తిని సరిగా చదువదు. కాగితముపై నాలుగు పంక్తులును కంటికి కనబడుచునే యుండును. యంత్రమునకు మాత్రము మూడే. ఎంత శ్రద్ధగా చదివినను కంటికి కనబడని తప్పు ఇది. ఈ ఖాళీపంక్తి పోగొట్టిన మధ్యాహ్నములు ఎన్నో లెక్క పెట్టినవారు లేరు.

జార్ తయారైన పిదప మూడు పేర్లు కలియవలెను. అనుబంధము చాయిస్ అయినచో ఫోల్డరు పేరు చాయిస్, అందులో జార్ పేరు చాయిస్. ఆ ఫోల్డరును నెట్‌లోగో ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డరులోనో, నమూనా ప్రక్కనో ఉంచవలెను. వేరొకరి జావా గ్రంథాలయమును వాడుకొన్నచో దాని జార్‌ను కూడ అదే ఫోల్డరులో ఉంచిన చాలును. నెట్‌లోగో దానిని వెదకికొనును. నమూనా మొదటిపంక్తిలో 'ఎక్స్‌టెన్షన్స్' అను మాట వ్రాసి చాయిస్ పేరును చేర్చి, 'చెక్' బొత్తామును నొక్కవలెను. తప్పు లేనిచో ఏమియు జరుగదు. ఏమియు జరుగకపోవుటయే శుభసూచకము. అటుపై 'చాయిస్:పిక్' అను మాట తాబేలు భాషలో పుట్టుమాటవలె చెల్లును.

ఎవ్వరు పట్టుకొనని తప్పులు

ఇంతవరకు చెప్పిన తప్పులన్నిటికి కాపలావారు కలరు. పేరు తప్పినచో కంపైలరు పట్టుకొనును. సంచిక తప్పినచో జావా యంత్రము పట్టుకొనును. ఫోల్డరు తప్పినచో అనుబంధము కనబడలేదని నెట్‌లోగో చెప్పును. వీనితో చికాకేగాని అపాయము లేదు. అపాయ మంతయు కాపలా లేనిచోట నున్నది.

మొదటిది సంఖ్యలజాతి. నెట్‌లోగోలో సంఖ్యలన్నియు 'డబుల్' అను దశాంశజాతివే. జావాలో లెక్కింపుసంఖ్యలకు 'ఇంట్' అను వేరుజాతి కలదు. పిక్ తన లోపల 0, 1, 2 అని ఇంట్‌తోనే లెక్కించును; బయటకు ఇచ్చునప్పుడు డబుల్‌గా మార్చి యీయవలెను. రిపోర్ట్ అను కార్యము 'ఏదో ఒక వస్తువు'ను ఇచ్చునని మాత్రమే ప్రకటింపబడినది గనుక మార్చుట మరచినను కంపైలరు అడుగదు. నమూనా నడచునప్పుడు, తప్పుచేసిన చోటికి దూరముగా, మరెచ్చటనో చిక్కు తలయెత్తవచ్చును. పట్టికలో పెట్టియిచ్చు సంఖ్యలయందు ఈ మరపు మరింత సులభము.

రెండవది జ్ఞాపకము. వేగమునకై కొందరు నిర్మాతలు వెనుకటి మొత్తములను అనుబంధములో దాచుకొందురు. ప్రయోగము మరల మొదలుపెట్టునప్పుడు వినియోగదారుడు 'క్లియర్-ఆల్' అని చెప్పును. లోకమంతయు శుభ్రమైనదని నమ్మును. నెట్‌లోగో తాబేళ్ళను, గడులను తుడిచివేయును గాని అనుబంధము దాచుకొన్నదానిని తానెరుగదు. నిర్వాహకునిలో ఇందుకై ఒక కార్యమున్నది. నిర్మాత దానిని వ్రాసినప్పుడే అనుబంధము తుడువబడును. వ్రాయనిచో మొదటి ప్రయోగపు మురికి రెండవదానిలో కలియును.

మూడవదియే అన్నిటికంటె ముఖ్యము: యాదృచ్ఛికసంఖ్య ఎచ్చటనుండి వచ్చును?

కంప్యూటరు తనంతట పాచికలు వేయలేదు. ఒక సంఖ్యను విత్తనముగా పుచ్చుకొని, నిర్ణీతమైన గణనవిధానముతో క్రమము కనబడని సంఖ్యలను వరుసగా పండించును. నెట్‌లోగో వాడునది మెర్సెన్ ట్విస్టర్. దీనిని 1998లో జపాను శాస్త్రజ్ఞులు మాకోతో మాత్సుమోతో, తాకుజి నిషిమురా ప్రకటించిరి. 19,937 రెండులను ఒకదానితో నొకటి హెచ్చించి ఒకటి తీసివేసిన ఎన్ని సంఖ్యలో అన్ని తీసిన పిదపగాని ఇది మొదటికి తిరిగి రాదు. విత్తనమొక్కటియైనచో పంటయు ఒక్కటే. 'రాండమ్-సీడ్ 137' అని చెప్పి చీమల నమూనాను నేడు నడిపినను, మరుసటి యేడు మరియొక ఊరిలో అదే సంచికపై నడిపినను అదే చీమ అదే క్షణమున అదే దారి పట్టును. తాబేళ్ళను ఏ వరుసలో పిలువవలెనో కూడ ఈ సంఖ్యలే నిర్ణయించును. యాదృచ్ఛికములైన పాత్రలతో చేసిన ప్రయోగమును మరల చేయుటకు ఇదియే ఆధారము.

ఇక పిక్ లోపల ఆ 0.25 ఎచ్చటనుండి తీయవలెను? జావాతోనే వచ్చు 'రాండమ్' అను క్లాసు చేతికందుబాటులో నున్నది. ఒక్క పంక్తిలో పని ముగియును. విత్తన మీయనిచో అది ప్రతిమారును క్రొత్త విత్తనమును తానే కల్పించుకొనును. పుస్తకములలోను, ఉదాహరణములలోను అదే కనబడును గనుక చేయి అటే పోవును. అది తప్పుదారి. రిపోర్ట్ అను కార్యమునకు నెట్‌లోగో ప్రతిమారును 'కాంటెక్స్ట్' అను వస్తువును అందించును. దానిని అడిగినచో ఆ నమూనాయొక్క సంఖ్యాజనకమునే యిచ్చును. తీయవలసినది దానినుండి.

రెండింటికిని వ్యత్యాసము ఫలితపు ముఖమున కనబడదు. ఇదియే దీనిలోని ప్రమాదము. తూనికలు 1, 2, 7తో పిక్‌ను 10,000 మార్లు పిలిచి లెక్కించినచో సుమారు 1,000, 2,000, 7,000 రావలెను. రెండవ లెక్కలో ప్రామాణిక విచలనము 40; కావున 1,960 వచ్చినను 2,040 వచ్చినను వింత లేదు, 2,400 వచ్చినచో రచనలో తప్పున్నది. తప్పుజనకముతో చేసిన పిక్ ఈ పరీక్షలో దర్జాగా నెగ్గును. దాని సంఖ్యలు చెడ్డవి కావు. అవి వేరొకరి సంఖ్యలు, అంతే. నిజము తెలియుటకు వేరు పరీక్ష కావలెను: ఒకే విత్తనముతో నమూనాను రెండుమార్లు నడిపి, వేయి అడుగుల పిదప ప్రతి చీమ చోటును సరిపోల్చవలెను. ఒక్క చీమ ఒక్క గడి తప్పినను అనుబంధము పరాయి విత్తనమును వాడుచున్నదని అనుమానింపవలెను. పరీక్షను నెట్‌లోగోను మూయకుండ ఒకమారును, మూసి మరల తెరచి ఒకమారును చేయుట మంచిది. లోపల మిగిలిన జ్ఞాపకముల తప్పు కూడ అప్పుడు బయటపడును.

చీమ ఒక గడి తప్పినంత మాత్రమున నష్టమేమి యని అడుగవచ్చును. 2020 మార్చి 16న లండనులోని ఇంపీరియల్ కళాశాల శాస్త్రజ్ఞులు కోవిడ్ వ్యాప్తిని గూర్చి ఒక నివేదిక ప్రకటించిరి. ఏ నివారణచర్యయు లేనిచో గ్రేట్ బ్రిటన్‌లో సుమారు 5,10,000 మరణములు సంభవింపవచ్చునని అందులో నుండెను. ఆ లెక్క వెనుకనున్నది వ్యక్తులను విడివిడిగా అనుకరించు నమూనా. నెట్‌లోగోలో చేసినది కాదు, కాని జాతి అదే. దాని రచన బహిరంగమైన పిదప, ఒకే విత్తనముతో నడిపినను కొన్ని పరిస్థితులలో ఫలితములు వేరగుచున్నవని విమర్శకులు ఎత్తిచూపిరి. వాదోపవాదములు పత్రికల కెక్కినవి. ఆ యేడే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన స్టీఫెన్ ఎగ్లెన్ నమూనాను స్వయముగా నడిపి, నివేదికలోని ముఖ్యఫలితములు చిన్న తేడాలతో మరల వచ్చినవని నిర్ధారించెను. లెక్క నిలిచినది. కాని కోట్లమంది ఇండ్లలో మూసికొని కూర్చున్న దినములలో, లెక్క సరియా కాదా యనుటకు ముందు, అదే లెక్క మరల వచ్చునా యను ప్రశ్నపై వాదింపవలసివచ్చినది. నమూనాను చూచువారు నమ్మినను నమ్మకపోయినను, ముందు దానిని మరల నడుపగలుగవలెను. తగిలించిన అనుబంధము ఒక్కటి తన సొంత పాచికలు తెచ్చుకొన్నచో ఆ అవకాశమే పోవును. మిగిలిన నమూనాయంతయు ఎంత శుద్ధిగా వ్రాసినను ప్రయోజనము లేదు.

సరియైన జనకమును వాడినను ఒక పరిణామమును ఎరిగియుండవలెను. పిక్ ఒకమారు సంఖ్య తీసినచో వెనుకనున్న వరుసంతయు ఒక స్థానము జరుగును. కావున అనుబంధము లేని పాతనమూనాను, ఉన్న క్రొత్తనమూనాను ఒకే విత్తనముతో నడిపి అడుగడుగున పోల్చుట అర్థము లేని పని. అచ్చట అనేక విత్తనములతో నడిపి సగటులను పోల్చవలెను. విత్తనము ఒకే నమూనాను తనతో తాను పోల్చుటకు మాత్రమే.

అనుభవము కలిగిన నిర్మాతలు నేడు ఈ మెట్లన్నిటిని చేతితో చేయరు. కంపైల్ చేయుట, మానిఫెస్టు వ్రాయుట, జార్ కట్టుట ఒక్క ఆజ్ఞతో ముగించు సాధనములు వచ్చినవి. స్కాలావారి ఎస్‌బిటి అను సాధనమునకు నెట్‌లోగో అనుబంధముల కొరకే ఒక ఉపకరణము కలదు. ఖాళీపంక్తి మరచుట వంటి తప్పులు దానితో తీరును. డబుల్, జ్ఞాపకము, విత్తనము అను మూడింటిని ఆ సాధనములును చూడవు.

నెట్‌లోగోలో క్రొత్త సంచిక వచ్చి అనుబంధ ఒడంబడిక మారినప్పుడు పాత జార్‌లు కొన్ని హెచ్చరికతో నడుచును, కొన్ని నడువవు. అప్పుడు చేయవలసినది క్రొత్త నెట్‌లోగో జార్‌ను క్లాస్‌పాత్‌లో ఉంచి మూలరచనను మరల కంపైల్ చేయుట, మానిఫెస్టులో నాలుగవ పంక్తి మార్చుట, రెండు పరీక్షలును మరల జరుపుట. పేర్లు మారినచోట కంపైలరే చూపును. పరిశోధనాపత్రముతో జార్‌ను మాత్రమే జతపరచి మూలరచనను జతపరచనివారి అనుబంధములకు ఈ దారి లేదు. వాని పత్రములలోని ఫలితములను మరల చూడగోరువారు ఆ కాలపు నెట్‌లోగో సంచికనే వెదకి తెచ్చికొని నడుపవలసియుండును.